మేట్టుపాళయం బస్సులో ఒక సీటు

రాఘవన్ గారు కోయంబత్తూరులో ఒక పెద్ద హోటల్లో జరిగిన సదస్సుకు వెళ్లొచ్చారని తెలియగానే, బడికి మళ్లీ ఏదో మూడిందని కళైవాణికి అర్థమైపోయింది. ఆయన సదస్సుకు వెళ్లొచ్చినప్పుడల్లా ఇదే తంతు. పోయినేడాది నీటి పొదుపు మీద ఉపన్యాసాలు విని వచ్చి సగం కుళాయిలు మూయించేశారు. ఎండాకాలమంతా పిల్లలు నాలుకలు బయటపెట్టుకుని తిరిగారు. ఈసారి సదస్సు విషయం వేరు. తల్లిదండ్రులు విడిపోతున్న పిల్లలకు బడి అండగా నిలవడం ఎలా అన్నది. పొద్దున నాలుగు ఉపన్యాసాలు, మధ్యాహ్నం బిర్యానీ. సాయంత్రానికల్లా ఆయన ఆ విద్యలో ఆరితేరి ఇంటికొచ్చారు.

మేట్టుపాళయం రోడ్డులో ఆ బడిని అందరూ ట్రస్టు బడి అంటారు. ఎన్నో తరాల కిందట వచ్చి స్థిరపడి, మొదట పత్తి పండించి, తర్వాత మిల్లులు పెట్టి, ఇప్పుడు పంపుసెట్లు చేస్తున్న తెలుగు కుటుంబాల పెద్దలు కట్టించిన బడి అది. వారమంతా అందులో పిల్లలకు ఇంగ్లీషులో పాఠాలు చెబుతారు. ఆదివారం అవే గదుల్లో, అవే బల్లల మీద, తమ వాళ్లకు పెళ్లి సంబంధాలు చూస్తారు. రెండింటికీ కరస్పాండెంటు రాఘవన్ గారే. బడి ఫలితాల గురించి ఎవరైనా అడిగితే ఆయన కాస్త నసుగుతారు. సంబంధాల గురించి అడిగితే మాత్రం ఛాతీ పొంగిపోతుంది. "నేను ముడేసిన పెండ్లి ఒగటి కూడా ఇంతవరకు తెగలే" అని ఎదుటివాళ్ల మొహాలు చూస్తారు.

ఇప్పుడు ఒకటి తెగుతోంది. అది కూడా బడి కళ్లెదుటే. ఏడో తరగతి చదువుతున్న శ్రీరంజని అమ్మానాన్నలు, అభిరామీ అరవిందనూ, ఒకరినొకరు మొదటిసారి చూసుకున్నది ఈ ఏడో తరగతి గదిలోనే. చూపించింది రాఘవన్ గారు. పధ్నాలుగేళ్లు కాపురం చేశాక, ఇక మనకు కుదరదు అని ఇద్దరూ నిర్ణయించుకున్నారు. తిట్టుకోలేదు, కొట్టుకోలేదు, వీధిలో నిలబడి దుమ్మెత్తి పోసుకోలేదు. బిడ్డను మధ్యలో కూర్చోబెట్టుకుని ఉన్నదున్నట్టు చెప్పారు. అరవిందన్ తుడియలూరులో తన మోటారు వర్క్‌షాపు దగ్గరే ఉంటాడు. అభిరామి మేట్టుపాళయంలో అన్నగారి వక్కల మండీలో పని చూసుకుంటూ అక్కడే ఉంటుంది. రంజని వారంలో మొదటి మూడు రోజులు అమ్మ దగ్గర, మిగతా రోజులు నాన్న దగ్గర. పిల్ల రెండు రోజులు ఏడ్చింది. మూడో రోజు కళ్లు తుడుచుకుని తన క్లాసు టీచరైన కళైవాణి దగ్గరికి వచ్చి నిలబడింది.

"మిస్, నాకు తుడియలూరు బస్సులో సీటు ఉండాది కదా, అది అట్లే ఉండనీ. సోమవారం, మంగళవారం, బుధవారం మాత్రం మేట్టుపాళయం బస్సులో ఒగ సీటు కావాల. ఆ మూడు దినాలూ నేను అమ్మ ఇంటికి పోవాల."

అంతే ఆ పిల్ల అడిగింది. ఆ రెండిళ్ల కష్టంలో పెద్దవాళ్లు తేల్చుకోకుండా మిగిల్చిన పని అదొక్కటే, దాన్ని కూడా తనే తేల్చుకుంటోంది. మేట్టుపాళయం బస్సుకు బాధ్యురాలు కళైవాణే. డ్రైవరు వెనక సీట్లో కూర్చుని పిల్లల్ని ఎక్కించి దింపేది ఆమే. ఆ బస్సులో వెనక వరసలన్నీ ఖాళీగానే ఉంటాయి. "దానికేమి రంజీ, కరస్పాండెంటయ్యను ఒగ మాట అడిగి చెప్తా" అంది కళైవాణి. అడగకుండానే ఎక్కించుకోవచ్చని అప్పుడు ఆమెకు తోచలేదు. తోచలేదని ఆమె తర్వాత తనకు తాను చెప్పుకుంది.

కళైవాణి పుట్టింది ఆండిపట్టి పక్కన, నల్లరేగడిలో పత్తీ జొన్నా వేసే ఇంట్లో. ఈ కోయంబత్తూరు పెద్దింటివాళ్ల మీద ఆమెకు మొదటినుంచీ ఒక చిన్నచూపు ఉంది. వీళ్ల తెలుగు కూడా ఇస్త్రీ చేసినట్టుంటుందని ఇంట్లో వెక్కిరిస్తుంది. స్టాఫ్ రూములో ఒంటరిగా ఉన్నప్పుడు రాఘవన్ గారి నడకను అచ్చు గుద్దినట్టు నడిచి చూసుకుంటుంది. ఆయన ఎదుట మాత్రం నోట్లో నాలుక లేనట్టు నిలబడుతుంది. ఆ రోజూ బస్సు సంగతి అడిగి అలాగే నిలబడింది.

"ఏమ్మా కళైవాణీ, చదువుకున్నదానివి, నువ్వే చెప్పు" అన్నారు రాఘవన్ గారు కళ్లజోడు తీసి. "ఒగ బిడ్డకు రెండు బస్సులిస్తే ఏమర్థం? రెండిండ్లు ఉండాయని పళ్లికూటమే ముద్ర కొట్టినట్టు కదా! బడే ఒప్పుకునేస్తే ఆ ఇద్దరూ ఏంటికి కలుస్తారు? బస్సు లేకుంటే కష్టం. కష్టమైతే బిడ్డ ఏడుస్తాది. బిడ్డ ఏడిస్తే తల్లి మనసు కరుగుతాది. కుడుంబం నిలిచేది అట్లనే."

బిడ్డను ఏడిపించడానికి ఇంత తర్కమా అనుకుంది కళైవాణి. పైకి "సరి అయ్యా" అంది.

"బస్సు మాట విడిచిపెట్టు. ఆ బిడ్డకు చేయాల్సింది చానా ఉండాది. నేను అన్నీ రాసుకోని వచ్చినా" అన్నారాయన.

ఆ రోజు నుంచి సోమ, మంగళ, బుధవారాల సాయంత్రాలు రంజని గేటు దగ్గర వాచ్‌మన్ స్టూలు మీద కూర్చునేది. మండీ కట్టేసి అభిరామి స్కూటీ మీద వచ్చేసరికి చీకటి పడబోయేది. ఈలోగా మేట్టుపాళయం బస్సు ఆ పిల్ల మోకాళ్ల ముందు నుంచే వెళ్లేది. డ్రైవరు దురైసామి గేటు దగ్గర బ్రేకు తొక్కి, అద్దంలో కళైవాణి వైపు చూసేవాడు. "పోనీ అన్నా" అనేది కళైవాణి. అనేసి, ఈ బడిని, ఈ ట్రస్టును, దాని పెద్దమనుషుల్ని మనసులో కడిగి ఆరేసేది. అలా కడిగాక ఆమెకు కొంత తేలిగ్గా ఉండేది. బస్సు వెళ్లిపోయేది.

ఇక అండగా నిలవడం మొదలైంది. ముందు ఒక కమిటీ వేశారు. ట్రస్టు పెద్దలందరూ అందులో సభ్యులు. చిన్నపిల్లలతో మాట్లాడి ఎన్నేళ్లయిందో వాళ్లలో ఎవరికీ గుర్తులేదు. మొదటి సమావేశంలో వడా కాఫీ తిని తాగి, ఈ కాలపు ఆడవాళ్ల చేతికి ఫోన్లు రావడమే అన్నిటికీ మూలమని ఏకగ్రీవంగా తేల్చారు. రెండో సమావేశంలో పొద్దున్న ప్రార్థనలో ఆ బిడ్డ కోసం దేవుణ్ణి వేడుకోవాలని తీర్మానించారు. పేరు చెప్పకూడదని కూడా తీర్మానించారు, బిడ్డ మనసు నొచ్చుకుంటుందని.

మర్నాడు పొద్దున రాఘవన్ గారే మైకు పట్టుకున్నారు. "మన పళ్లికూటంలో ఒగ పాప ఉండాది. పేరు చెప్పను. ఏడో క్లాసు. ఆ పాప ఇంట్లో ఇప్పుడు వెలుతురు లేదు. ఆ పాప కోసం అందరూ కండ్లు మూసుకోండి" అన్నారు. బడి మొత్తం కళ్లు తెరిచి ఏడో తరగతి వరస వైపు తిరిగింది. ఎల్‌కేజీ పిల్లలు కూడా మునివేళ్ల మీద లేచి చూశారు. రంజని ఒక్కతే కళ్లు మూసుకుని నిలబడింది. పక్కన నిలబడ్డ కళైవాణికి ఆ పిల్ల కనురెప్పలు అదరడం కనిపించింది. ఈయన నాలుక మీద వాత పెట్టేవాళ్లు లేరా అని పళ్లు నూరింది. మధ్యాహ్నం ఆయన ఎదురైతే "చానా బాగా చెప్పినారు అయ్యా" అంది.

ఆ తర్వాత కౌన్సిలింగు అమ్మను పిలిపించారు. ఆవిడ రంగు పెన్సిళ్లు తెచ్చి, నీ ఇల్లు గీయి పాపా అంది. రంజని రెండిళ్లు గీసి, మధ్యలో రోడ్డు గీసి, రోడ్డు మీద ఒక బస్సు గీసింది. బస్సుకు పసుపు రంగు కూడా వేసింది. ఆవిడ ఆ బొమ్మను అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, పిల్ల మనసు రెండు ముక్కలైపోయిందనీ, ఆ పసుపు రంగు భయానికి గుర్తనీ చెప్పింది. ఆ బస్సు బస్సే అయ్యుండొచ్చని ఆవిడకు గానీ, పక్కనే కూర్చుని బొమ్మ చూసి తలూపిన రాఘవన్ గారికి గానీ తట్టలేదు. తట్టిన కళైవాణి గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

ఇవన్నీ ఒక ఎత్తు, పాదపూజ ఒక ఎత్తు. పరీక్షల ముందు పిల్లల చేత తల్లిదండ్రుల కాళ్లు కడిగించి, పసుపూ కుంకుమా పెట్టించి, దీవెనలు ఇప్పించడం ఆ ప్రాంతపు బళ్లన్నిటిలో ఉన్నదే. ట్రస్టు బడిలో ఏటా చేస్తారు. ఈ ఏడు అది దగ్గర పడగానే రాఘవన్ గారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. కాళ్లు కడగడం అయ్యాక ఆ పిల్ల చేతే అమ్మానాన్నలకు రెండు పెళ్లి మాలలు ఇప్పించాలి. పిల్ల మైకులో 'నా కోసం మీరిద్దరూ ఒకటిగా ఉండండి' అని అడగాలి. వాళ్లు అందరి ఎదుటా మాలలు మార్చుకోవాలి. అప్పుడు తెగిన ముడి మళ్లీ పడుతుంది. ఆయన లెక్క చెడిపోకుండా ఉంటుంది. ఆ చివరి ముక్క ఆయన బయటికి అనలేదు గానీ కళైవాణికి అరచేతిలో గీతలా కనిపించింది.

రంజనిని గదిలోకి పిలిచి ఆయన స్వయంగా నేర్పారు. "అమ్మిణీ, నైనా అమ్మా కలిసేది విడిపోయేది ఇప్పుడు నీ చేతిలోనే ఉండాది. నువ్వు గట్టిగా అడిగితే అయిపోతాది. నువ్వు అడగకుంటే, రేపు నిన్నే అంటారు లోకంలో" అన్నారు, తలమీద చెయ్యి పెట్టి, ఎంతో ప్రేమగా. పన్నెండేళ్ల పిల్ల నెత్తిన ఇంత బండ ఎత్తి పెట్టి, అది ఆశీర్వాదమనుకున్నారు.

పాదపూజ ముందురోజు మధ్యాహ్నం రంజని అన్నం డబ్బా మూత కూడా తియ్యలేదు. కళైవాణి పక్కన కూర్చుని ఎందుకు తినలేదని అడిగింది.

"నేను అడిగితే వాండ్లు సరే అంటారు మిస్" అంది రంజని.

"మంచిదే కదా?"

"మంచిది కాదు మిస్. వాండ్లు నా కోసం ఏదైనా చేస్తారు. మాల వేసుకోమంటే వేసుకుంటారు. ఇంటికి పోయి మళ్ళా ముందర మాదిరి కూచుంటారు. ఒగరు వంటింట్లో, ఒగరు వాకిట్లో. 'అమ్మను ఉప్పు ఎంతేసిందో అడుగు, నైనాను ఎప్పుడొస్తాడో అడుగు' అని నా చేతనే అడిగిస్తారు. ఇప్పుడు రెండిండ్లలోనూ నవ్వుతాండారు మిస్. నాకు ఇదే బాగుండాది. మాలలు వద్దని అయ్యకు మీరు చెప్తారా?"

కళైవాణికి ఆ పిల్లను దగ్గరికి తీసుకోవాలనిపించింది, తీసుకుంది కూడా. "నేను చూసుకుంటా, నువ్వు అన్నం తిను" అంది. రంజని నమ్మింది, తింది. కళైవాణి ఆ సాయంత్రం కరస్పాండెంటు గది దాకా వెళ్లింది. లోపల ఆయన పూలవాడితో ఫోనులో మాట్లాడుతూ, గులాబీలు బాగా విచ్చుకుని ఉండాలని చెబుతున్నారు. ఆమెను చూసి ఏమిటన్నట్టు కనుబొమలెత్తారు. "రేపు కుర్చీలు ఎట్ల వేయాల అయ్యా?" అని అడిగి, ఆయన చెప్పింది విని, వెనక్కి వచ్చేసింది.

కుర్చీల సంగతి మర్నాడు హాల్లో అడుగుపెట్టినవాళ్లందరికీ తెలిసింది. మిగతా తల్లిదండ్రులకు వరసగా ప్లాస్టిక్ కుర్చీలు. ముందు వరస మధ్యలో మాత్రం కల్యాణ మండపం నుంచి తెప్పించిన ఎర్ర మఖమలు సోఫా, పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూర్చునేది. అరవిందనూ అభిరామీ వేరువేరుగా వచ్చి, దాన్ని చూసి, ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తగువు పెట్టుకుంటే పిల్లకు తలవంపులని ఇద్దరూ ఒకేసారి అనుకున్నట్టున్నారు, ఆ సోఫాలో చెరో చివరా కూర్చున్నారు.

రంజని తాంబాళంలో వాళ్ల పాదాలు పెట్టించి కడిగింది. మిగతా పిల్లలు ఇకిలిస్తూ, పక్కవాళ్ల మీద నీళ్లు చల్లుకుంటూ తొందరగా కానిచ్చేశారు. ఈ పిల్ల మాత్రం నెమ్మదిగా, వేళ్ల సందుల్లో కూడా నీళ్లు పోసి, ముందు నాన్నవి, తర్వాత అమ్మవి కడిగి, తన లంగావోణీ కొంగుతోనే తుడిచింది. అభిరామి కళ్లనిండా నీళ్లు తిరిగాయి. అరవిందన్ వంగి కూతురి నెత్తిన ముద్దు పెట్టుకున్నాడు. అది చూసి కళైవాణికి కూడా కళ్లు తడిశాయి. అక్కడితో ఆపితే అది నిజంగానే పూజ అయ్యుండేది.

ఆపుతారా! రాఘవన్ గారు చెయ్యి ఊపారు. స్పీకర్లలోంచి గట్టిమేళం మోగింది. పెద్ద తట్టలో బొద్దుగా రెండు గులాబీ మాలలు వచ్చాయి. ప్లాస్టిక్ కుర్చీల్లోని తల్లులు ఆనందంగా కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తండ్రులు ఫోన్లు తీశారు. రంజని చేతిలో మాలల తట్ట పెట్టి, నోటి దగ్గర మైకు పెట్టి, "అడుగు అమ్మిణీ, నీకేమి కావాలో నైనానూ అమ్మనూ అడుగు" అన్నారు రాఘవన్ గారు.

రంజని ముందు కళైవాణి వైపు చూసింది. కళైవాణి పక్కనున్న పిల్లాడి చొక్కా గుండీ సరిచేయడంలో మునిగిపోయింది. రంజని అమ్మానాన్నల వైపు కాకుండా రాఘవన్ గారి వైపు తిరిగింది.

"అయ్యా, నాకు సోమవారం, మంగళవారం, బుధవారం మేట్టుపాళయం బస్సులో ఒగ సీటు కావాల."

మైకు బాగా పనిచేస్తోంది, హాలంతా వినబడింది. మేళం వేసేవాడు ఆపాలో వద్దో తెలియక కాసేపు మోగించి ఆపాడు. రాఘవన్ గారు పకపకా నవ్వి మైకు లాక్కున్నారు. "పాపకు భయం. ఇంత జనాన్ని చూసి తడబడింది. బిడ్డ మనసులో ఏముండాదో మనకు తెలీదా!" అంటూ తట్టలోంచి మాలలు తీసి చెరొకటి వాళ్లిద్దరి చేతుల్లో తనే పెట్టేశారు. "ఊఁ, మార్చుకోండి!"

అరవిందన్ మాల వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు. "ఇన్ని దినాలూ బస్సు ఇయ్యలేదా నీకు?" అని అడిగాడు.

"ఈ గేటు కాడనే కూచుంటాది. ఇంకా ఎక్కించుకోలేదేమని అడిగితే, వచ్చే వారం ఇస్తారంట అంటాది" అంది అభిరామి.

అరవిందన్ ఆమె చేతిలోని మాల కూడా తీసుకుని, రెండిటినీ సోఫాలో పెట్టాడు. అభిరామి రంజని సంచీ అందుకుంది. ముగ్గురూ నడవా మధ్యలోంచి తలుపు వైపు నడిచారు, పిల్ల మధ్యలో, చెరో చెయ్యీ పట్టుకుని. అది చూసిన హాలు చప్పట్లతో దద్దరిల్లిపోయింది. కలిసిపోయారని అందరూ అనుకున్నారు. కొందరు లేచి నిలబడి మరీ కొట్టారు. వెళ్తున్న ముగ్గురి మీదా ఎవరో పూలరేకులు కూడా చల్లారు. రాఘవన్ గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

పరీక్షలు అయిపోగానే అభిరామీ అరవిందనూ కలిసే వచ్చి, పిల్లకు టీసీ ఇమ్మన్నారు. రాఘవన్ గారు మొహం చాటంత చేసుకున్నారు. "ముగ్గురూ కలిసి ఊరు మారుతాండారా! మంచిది, మంచిది. ఇద్దరూ కలిసి వచ్చినారు చూడు, అది చాలు నాకు" అన్నారు. "అవునయ్యా, ఈ ముడివు ఇద్దరం కలిసే తీసుకొన్నాం" అంది అభిరామి. ఆ నిర్ణయం ఇద్దరిదే, అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆయన సంతకం పెట్టి, లడ్డూలు తెప్పించారు. అరవిందన్ తన లడ్డూ బల్లమీదే వదిలేశాడు.

వరండాలో రంజని కళైవాణికి చెప్పి వెళ్దామని నిలబడి ఉంది. కొత్త బడిలో ఏమేం అడిగారని కళైవాణి పలకరించింది.

"ఏమీ అడగలే మిస్. ఏ దినం ఏ బస్సు అని అడిగినారు, అంతే. బస్సులో వచ్చే మిస్సే చెప్పింది, నువ్వు వచ్చి ఎక్కు, నేను చూసుకుంటానని. ఆమె ఎవుర్నీ అడగలే." రంజని ఏదో లెక్క కుదరనట్టు ఆమె మొహంలోకి చూసింది. "మీరూ బస్సులో వచ్చే మిస్సే కదా?"

అందులో నిష్ఠూరమేమీ లేదు. పిల్ల నిజంగా తెలియకే అడిగింది. అంతలో అభిరామి గేటు దగ్గర నుంచి పిలిచింది. రంజని "పోయొస్తా మిస్" అని పరుగెత్తింది. కళైవాణికి ఆ రోజంతా ఎవరి మీదా కోపం రాలేదు. ఎవర్ని వెక్కిరించాలో తెలియలేదు. తన మీద తనకు అసహ్యం వేసింది, అది మాత్రం బాగా తెలిసింది.

ట్రస్టు వార్షిక సమావేశంలో రాఘవన్ గారు విడిపోబోయిన కుటుంబాన్ని బడి నిలబెట్టిన కథ చెప్పారు. కోయంబత్తూరు సదస్సువాళ్లు వచ్చే ఏడు ఈ విధానం గురించి తననే మాట్లాడమన్నారని కూడా చెప్పారు. ఆ తర్వాత, ఆ బిడ్డను కన్నతల్లిలా కనిపెట్టుకున్న క్లాసు టీచరంటూ కళైవాణిని ఆకాశానికెత్తి, వేదిక మీదికి పిలిచి, జరీ అంచు శాలువా ఒకటి విప్పి పట్టుకున్నారు. జనం చప్పట్లు కొడుతున్నారు. 'అది నిజం కాదయ్యా' అనడానికి మైకు ఆమె నోటికి జానెడు దూరంలో ఉంది. ఆయన పొట్టి మనిషి, చేతులు అంత ఎత్తుకు రావు. కళైవాణి ఆయనకు అందేలా మెడ వంచింది.